మిడిల్ తగలని దెబ్బ: కార్స్టన్ సోల్‌హైమ్ కథ

గల్లీ క్రికెట్ ఆడిన ఎవరికైనా ఇది తెలుసు. బాల్ బ్యాట్ మధ్యలో తగిలితే చేతికి ఏమీ తెలీదు, బాల్ మాత్రం దూసుకుపోతుంది. అదే అంచుకు తగిలితే బ్యాట్ చేతిలో గిర్రున తిరుగుతుంది, అరచేతులు జివ్వుమంటాయి, బాల్ ఎటో పోతుంది. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు ఏమంటారు? నీకు ఆడటం రాదు పోరా అంటారు. బ్యాట్‌ని ఎవరూ ఏమీ అనరు.

ఒక ఇంజనీర్ మాత్రం బ్యాట్‌నే తప్పుపట్టారు. కాకపోతే ఆయన ఆట క్రికెట్ కాదు, గోల్ఫ్. ఆయన పేరు కార్స్టన్ సోల్‌హైమ్. గోల్ఫ్ ఆడేవాళ్ళకి పింగ్ అనే కంపెనీ పేరు చెప్తే చాలు, ఈయన గుర్తొస్తారు. మన కర్నూలు, కడప పిల్లల్లో గోల్ఫ్ కర్ర పట్టుకున్నవాళ్ళు ఎంతమంది ఉంటారో మీకే తెలుసు. నేనైతే పట్టుకోలేదు. అయినా ఈయన గురించి మన మ్యాగజైన్‌లో రాయాలనిపించింది. ఎందుకంటే ఇది ఆటగాడి కథ కాదు. సరిగ్గా ఆడలేని మనిషి కోసం ఇనుప ముక్క ఆకారాన్ని మార్చిన ఇంజనీర్ కథ. అది కూడా డిగ్రీ పూర్తి చేయలేకపోయిన ఇంజనీర్ కథ.

చెప్పుల షాపు

కార్స్టన్ 1911 సెప్టెంబర్ 15న నార్వేలోని బెర్గెన్ ఊర్లో పుట్టాడు. పసివాడిగా ఉన్నప్పుడే కుటుంబం అమెరికా వెళ్ళి, సియాటిల్‌లో బ్యాలర్డ్ అనే పేటలో స్థిరపడింది. నార్వే నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువగా ఉండే పేట అది. చిన్నప్పుడే తల్లి చనిపోయింది. తండ్రి చెప్పులు కుట్టే పని చేసేవాడు. కొన్నేళ్ళు వేరే నార్వే కుటుంబాల ఇళ్ళల్లో పెరిగాడు.

ఇంజనీర్ కావాలని కోరిక. హైస్కూల్ అయ్యాక యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో మెకానికల్ ఇంజనీరింగ్‌లో చేరాడు. కానీ అవి 1930ల మొదటి రోజులు, అమెరికా అంతా ఆర్థిక మాంద్యం. బ్యాంకులు మూతపడుతున్నాయి, పనులు లేవు. ఒక సంవత్సరం చదివేసరికి ఫీజు డబ్బులు అయిపోయాయి. చదువు ఆపేసి తండ్రి లాగే చెప్పుల రిపేరు పనిలోకి దిగాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. మన జిల్లాల్లో వానలు పడక, వేరుశనగ పంట పోయి, ఫీజు కట్టలేక చదువు మధ్యలో ఆగిపోయిన అన్నలు, అక్కలు మనందరికీ తెలిసినవాళ్ళలోనే ఉంటారు. వాళ్ళ కథ సాధారణంగా అక్కడితో అయిపోయిందనుకుంటాం. కార్స్టన్‌కి అక్కడినుంచి ఇంజనీర్ ఉద్యోగం దాకా దాదాపు పదేళ్ళు పట్టింది.

1936లో లూయీస్ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నారు. నలుగురు పిల్లలు పుట్టారు. ఇల్లు గడవడానికి ఇంటింటికీ తిరిగి వంట గిన్నెలు అమ్మారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఇంజనీర్లు చాలక, యూనివర్సిటీలు బయటివాళ్ళకి కూడా చిన్న కోర్సులు పెట్టాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళ అలాంటి కోర్సు చేసి శాన్ డియేగోలో రయాన్ అనే విమానాల కంపెనీలో చేరారు. అక్కడ ఫైర్‌బాల్ అనే యుద్ధ విమానం మీద పని. ముందు ప్రొపెల్లర్, వెనక జెట్ ఇంజిన్ రెండూ ఉన్న విచిత్రమైన విమానం అది. తర్వాత కాన్‌వేర్ కంపెనీలో అట్లాస్ క్షిపణి పని. 1953లో జనరల్ ఎలక్ట్రిక్, అంటే జీఈలో చేరారు. డిగ్రీ లేకపోయినా చేతిలో పని ఉంది, పని చూసే ఉద్యోగం ఇచ్చారు.

42 ఏళ్ళకి మొదటి ఆట

1954లో న్యూయార్క్ రాష్ట్రం ఇథాకా ఊర్లో ఉన్నప్పుడు ఆఫీసు వాళ్ళు గోల్ఫ్‌కి తోడు రమ్మన్నారు. అప్పటికి ఆయనకి 42 ఏళ్ళు. ఆ వయసులో కొత్త ఆట మొదలుపెడితే ఎట్లుంటుందో ఊహించుకోండి. దూరం కొట్టడం ఎట్లో కుదిరింది కానీ, చివర్లో బాల్‌ని మెల్లగా గుంతలోకి నెట్టడం, అంటే పటింగ్, అస్సలు కుదరలేదు.

అందరిలా అయితే ఇంకా ప్రాక్టీస్ చేయాలి అనుకుంటారు. ఈయన పటర్‌ని, అంటే పటింగ్ కర్రని, చేతిలోకి తీసుకుని చూశారు. అప్పటి పటర్లు ఎక్కువగా సన్నగా, బరువంతా మధ్యలో ఉండేలా చేసేవాళ్ళు. బాల్ మధ్యలో తగలకుండా కొంచెం పక్కకి తగిలితే హెడ్ తిరిగిపోతుంది, బాల్ దారి తప్పుతుంది. విమానాల మీద పనిచేసిన మనిషికి ఇది చేతి లోపం లాగా కనిపించలేదు. బరువును తప్పు చోట పెట్టిన డిజైన్ లోపంలా కనిపించింది.

దీన్ని అర్థం చేసుకోవడానికి మనకి ఫిజిక్స్ పుస్తకం కూడా అక్కర్లేదు, కావడి చాలు. భుజం మీద కావడి మోస్తున్న మనిషిని చూడండి. రెండు చివర్ల బిందెలు ఉన్నప్పుడు ఆ కర్రని గబుక్కున పక్కకి తిప్పాలంటే తిరగదు, మొరాయిస్తుంది. అదే రెండు బిందెలూ భుజం దగ్గరికి జరిపి కట్టి తిప్పితే ఈజీగా తిరుగుతుంది. బరువు అదే, పెట్టిన చోటు వేరు. దీన్నే ఫస్ట్ ఇయర్‌లో మొమెంట్ ఆఫ్ ఇనర్షియా అని చదివి, పరీక్ష రాసి మర్చిపోయాం. దూరం మూడు రెట్లు పెరిగితే తిరగకుండా ఆపే గుణం తొమ్మిది రెట్లు పెరుగుతుంది, ఎందుకంటే అది దూరం స్క్వేర్ మీద ఆధారపడుతుంది.

సోల్‌హైమ్ పటర్ హెడ్ మధ్యలో లోహం తగ్గించి, మడమ వైపు, కొన వైపు పెంచారు. అంటే పటర్‌కి కావడి కట్టారు. ఈ ఆలోచన చూసుకోవడానికి చక్కెర బిళ్ళలని ఐస్ పుల్లలతో అతికించి మోడల్ చేశారని చెప్తారు. 1959లో కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్ సిటీలోని ఇంటి గ్యారేజీలో మొదటి పటర్ తయారైంది. బాల్‌కి తగిలినప్పుడు ఖంగుమని సన్నని శబ్దం వచ్చేది. ఆ శబ్దమే పింగ్ అనే పేరు అయింది.

రాత్రి పూట గ్యారేజీ

కంపెనీ పెట్టాడు, కోట్లు సంపాదించాడు అని ఒక్క లైన్‌లో రాసేస్తే ఈ కథకి అన్యాయం. 1959 నుంచి 1967 దాకా ఎనిమిదేళ్ళు ఆయన జీఈ ఉద్యోగం మానలేదు. పగలు ఆఫీసు, రాత్రి గ్యారేజీ. లెక్కలు, ఉత్తరాలు లూయీస్ చూసుకునేది, పిల్లలు గ్యారేజీలో పని చేసేవాళ్ళు. మధ్యలో జీఈ కంప్యూటర్ విభాగం పని మీద ఆరిజోనాలోని ఫీనిక్స్‌కి మారారు. ఎడారి ఊరు, ఎండాకాలంలో మన కర్నూలు ఎండ కూడా చల్లగా ఉందనిపించే ఊరు. ఇప్పటికీ ఆ కంపెనీ అక్కడే ఉంది.

ఆ పటర్లు చూసి ప్రొఫెషనల్ ఆటగాళ్ళు నవ్వారు. చూడటానికి అందంగా లేవు, పైగా గంటలాగా మోగుతున్నాయి. సోల్‌హైమ్ టోర్నమెంట్ల దగ్గరికి వెళ్ళి, ప్రాక్టీస్ చేసే చోట నిలబడి, ఒక్కసారి వాడి చూడండి అని అడిగేవారు. 1962లో జాన్ బార్నమ్ అనే ఆటగాడు పింగ్ పటర్‌తో కేజన్ క్లాసిక్ అనే టోర్నమెంట్ గెలిచాడు. పీజీఏ టూర్‌లో పింగ్ పటర్‌తో వచ్చిన మొదటి గెలుపు అది. అప్పటికి బార్నమ్‌కి 51 ఏళ్ళు, టూర్‌లో అతనికీ అదే మొదటి గెలుపు.

1966లో వచ్చిన పటర్ ఆయన జీవితాన్ని మార్చింది. దాని బొమ్మని చేతికి దొరికిన పాత గ్రామఫోన్ రికార్డు కవర్ మీద గీశారు. పేరు లూయీస్ పెట్టింది: ఆన్సర్. మిగతా కంపెనీల పటర్లకి ఇదే జవాబు అని అర్థం. అయితే ఆ పదం హెడ్ మీద పట్టలేదు. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో డబ్ల్యూ ఎట్లాగూ పలకదు కదా అని ఆ అక్షరం తీసేయమని ఆమే సలహా ఇచ్చింది. 1967లో జూలియస్ బోరోస్ ఆన్సర్‌తో ఫీనిక్స్ ఓపెన్ గెలిచాడు. ఆర్డర్లు పెరిగాయి. ఆ ఏడాదే 55 ఏళ్ళ వయసులో సోల్‌హైమ్ జీఈకి రాజీనామా చేసి, పూర్తిగా సొంత కంపెనీ మీదికి వచ్చారు.

ఇనుప హెడ్

ఇప్పటిదాకా చెప్పింది పటర్ గురించి. అసలు పని ఐరన్స్‌తో మొదలైంది.

గోల్ఫ్ కర్రల్లో ఇనుప హెడ్ ఉన్నవాటిని ఐరన్స్ అంటారు. వాటికి నంబర్లు ఉంటాయి. నంబర్ పెరిగేకొద్దీ ముఖం వెనక్కి వాలుతుంది. 3వ నంబర్ నిటారుగా ఉంటుంది కాబట్టి బాల్ కిందగా, దూరంగా పోతుంది. 9వ నంబర్ బాగా వాలి ఉంటుంది కాబట్టి బాల్ పైకి లేచి దగ్గర్లో పడుతుంది. మొదట్లో స్కాట్లండ్‌లో వీటిని ఊరి కమ్మర్లే చేసేవాళ్ళు. మన ఊర్లో కొడవలి, గొడ్డలి చేసినట్టే, కొలిమిలో ఇనుము ఎర్రగా కాల్చి, సుత్తితో కొట్టి ఆకారం తెచ్చేవాళ్ళు. అప్పటి బాల్ తోలు సంచిలో ఈకలు కుక్కి కుట్టినది, ఇనుము గట్టిగా తగిలితే చినిగిపోయేది. అందుకే ఎక్కువ కర్రలు చెక్కవే ఉండేవి. 1848 ప్రాంతంలో గట్టాపెర్చా అనే చెట్టు పాలతో చేసిన గట్టి బాల్ వచ్చాక ఇనుప హెడ్ల వాడకం పెరిగింది.

తర్వాత సుత్తి పోయి మెషీన్ సుత్తులు, అచ్చులు వచ్చాయి కానీ ఆకారం పెద్దగా మారలేదు. పలచటి బ్లేడు, వెనక మధ్యలో కండలా మందంగా ఉన్న ఇనుము. బరువంతా మధ్యలోనే. మధ్యలో తగిలితే అంతకంటే హాయి లేదు. కానీ ఎన్నిసార్లు మధ్యలో తగులుతుంది?

ఒకసారి లెక్క చూద్దాం. గోల్ఫ్ బాల్ బరువు రూల్ ప్రకారం 45.93 గ్రాములు దాటకూడదు. ఐరన్ హెడ్ బరువు సుమారు 250 గ్రాములు. ఈ రెండూ తగులుకుని ఉండే సమయం దాదాపు అర మిల్లీసెకండ్, అంటే సెకండ్‌లో రెండు వేలవ వంతు. ఈ సమయంలో ఏమన్నా తేడా జరిగిందని చేతికి తెలిసేలోపే బాల్ వెళ్ళిపోయి ఉంటుంది. కర్ర సన్నగా, వంగేలా ఉంటుంది కాబట్టి చేతులతో ఎంత బిగించి పట్టినా, ఆ క్షణంలో హెడ్ గాల్లో ఒంటరిగా ఎగురుతున్న ఇనుప ముక్కలాగే ప్రవర్తిస్తుంది. అంచుకు తగిలితే తిరుగుతుంది. అది తిరగకుండా ఆటగాడు చేయగలిగింది ఏమీ లేదు. ఆ క్షణంలో పనిచేసేది డిజైనర్ ముందే చేసి పెట్టిన పని మాత్రమే.

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన పాయింట్ ఇదే. మనం రాసిన ప్రోగ్రామ్ కూడా ఇంతే కదా. యూజర్ తప్పు ఇన్‌పుట్ కొట్టినప్పుడు మనం అతని పక్కన కూర్చుని ఉండం. ముందే ఏం రాసి పెట్టామో అదే అప్పుడు పనిచేస్తుంది.

1961లోనే సోల్‌హైమ్ మామూలు ఐరన్ హెడ్ల వెనక భాగాన్ని మిల్లింగ్ చేసి, మధ్యలో లోహం తీసేసి చూశారు. 1969లో కార్స్టన్ వన్ అనే ఐరన్స్ తెచ్చారు. వెనకవైపు గిన్నెలా తోడేసినట్టు ఉంటుంది. మధ్యలోంచి మిగిల్చిన ఇనుముని చుట్టూ అంచుకి, కింద అడుగుకి పంచారు. చుట్టూ బరువు ఉంటే పక్కకి తగిలినా హెడ్ తక్కువ తిరుగుతుంది. అడుగున బరువు ఉంటే బాల్ సులువుగా పైకి లేస్తుంది.

ఇలాంటి ఆకారం సుత్తితో కొట్టి తేవడం కష్టం. అందుకని ఆయన మైనపు పోత పద్ధతి ఎంచుకున్నారు. మన గుళ్ళల్లో పంచలోహ ఉత్సవ విగ్రహాలు పోసేది కూడా మూలంలో ఇదే పద్ధతి. ముందు హెడ్ ఆకారంలో మైనం బొమ్మ చేస్తారు. విగ్రహానికి అయితే దాని మీద మట్టి పూస్తారు, ఇక్కడ పింగాణీ లాంటి సిరామిక్ పూత పొరలు పొరలుగా వేసి ఆరబెడతారు. తర్వాత వేడి చేస్తే మైనం కరిగి బయటికి వచ్చేస్తుంది, లోపల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో కరిగిన స్టెయిన్‌లెస్ స్టీల్ పోసి, చల్లారాక పైపెంకు పగలగొడతారు. వాడిన స్టీల్‌ని 17-4 అంటారు, సుమారు 17 శాతం క్రోమియం, 4 శాతం నికెల్ ఉంటాయి. సెట్ తర్వాత సెట్ చేసినా కొలతలు దాదాపు ఒకేలా వస్తాయి. ఒకటి బాగా కుదిరి, ఇంకొకటి కుదరని కమ్మరి పనికి, దీనికి తేడా అదే.

వ్యతిరేకించినవాళ్ళ మాట కూడా చెప్పాలి. పోత పోసింది సుత్తి దెబ్బ తిన్నదానికి సాటి రాదు, చేతికి ఆ స్పర్శ ఉండదు అన్నారు. ఇంకో వాదన ఇంకా బలమైనది. బ్లేడు తప్పు కొడితే చేతికి చురుక్కుమని చెప్తుంది, అలా చెప్తేనే ఆటగాడు నేర్చుకుంటాడు, తప్పుని దాచే కర్ర మనిషిని సోమరిని చేస్తుంది అన్నారు. ఈ మాటని తీసిపారేయలేం. ఈ రోజుకి కూడా కొందరు టాప్ ఆటగాళ్ళు బ్లేడ్లే వాడతారు. కానీ వారానికి ఒక్కరోజు ఆడే గుమాస్తా, 60 దాటిన పెద్దాయన, అప్పుడే మొదలుపెట్టిన పాప, వీళ్ళందరూ ఆ నొప్పితో నేర్చుకునేలోపు ఆట మానేస్తారు. సోల్‌హైమ్ వాళ్ళ వైపు నిలబడ్డారు. ఆయన కూడా 42 ఏళ్ళకి మొదలుపెట్టిన మనిషే కదా.

ఇంకో పని కూడా చేశారు. పొట్టివాళ్ళకి, పొడుగువాళ్ళకి ఒకే కోణంలో హెడ్ ఉంటే ఎట్లా కుదురుతుంది? హెడ్ కొన పైకి లేస్తే బాల్ ఒకవైపు, కిందికి దిగితే ఇంకోవైపు పోతుంది. అందుకని ఎత్తు, చేతి పొడవు కొలిచి, ఎవరికి ఏ కోణం కావాలో చెప్పే రంగు చుక్కల చార్ట్ పెట్టారు. మీ చుక్క రంగు ఏది అంటే, మీ శరీరానికి కుదిరే కర్ర ఏది అని అర్థం. తండ్రి చెప్పుల షాపులో కాలి కొలత చూసి పనిచేసిన మనిషికి ఈ ఆలోచన రావడంలో ఆశ్చర్యం లేదనిపిస్తుంది.

గీతల గొడవ

1982లో పింగ్ ఐ2 అనే ఐరన్స్ వచ్చాయి. గోల్ఫ్ చరిత్రలోనే అత్యధికంగా అమ్ముడైన ఐరన్స్‌గా వీటికి పేరు. గొడవ కూడా వీటితోనే వచ్చింది.

ఐరన్ ముఖం మీద అడ్డంగా గీతలు ఉంటాయి. గడ్డి, తడి ఆ గీతల్లోకి పోయి, ముఖం బాల్‌ని గట్టిగా పట్టి స్పిన్ ఇవ్వాలి. టైర్ మీద గీతలు వాన నీళ్ళని తప్పించినట్టే. పాత గీతలు ఇంగ్లీషు వి ఆకారంలో ఉండేవి. పోత పద్ధతిలో యు ఆకారం సులువు. అమెరికాలో గోల్ఫ్ రూల్స్ చూసే సంస్థ యూఎస్‌జీఏ 1984 నుంచి యు ఆకారాన్ని ఒప్పుకుంది. పింగ్ అవే పెట్టింది. అయితే ఆ గీతల పదునైన అంచులు బాల్ పైపొరని గీరేస్తున్నాయని ఆటగాళ్ళు కంప్లయింట్ చేశారు. సోల్‌హైమ్ అంచులని కొంచెం గుండ్రంగా చేశారు. ఒక బగ్ ఫిక్స్ చేశారన్నమాట.

ఆ ఫిక్స్‌తో ఇంకో టెస్ట్ ఫెయిల్ అయింది. రూల్ ప్రకారం రెండు గీతల మధ్య దూరం, గీత వెడల్పుకి కనీసం మూడు రెట్లు ఉండాలి. అంచు గుండ్రంగా ఉంటే గీత ఎక్కడ మొదలైనట్టు? వంపు మొదలైన చోటా, వంపు అయిపోయి లోపలికి దిగే చోటా? చేనుకి, చేనుకి మధ్య గెనిమ కొంచెం జారి ఉంటే హద్దు ఎక్కడ అని అన్నదమ్ములు కొట్లాడుకుంటారే, అదే పంచాయితీ. యూఎస్‌జీఏ ఒక పద్ధతిలో కొలిచి తప్పు అంది, సోల్‌హైమ్ ఇంకో పద్ధతిలో కొలిచి కరెక్టే అన్నారు. రెండు కొలతల మధ్య తేడా అంగుళంలో కొన్ని వేలవ వంతులు మాత్రమే. 1987లో యూఎస్‌జీఏ ఈ ఐరన్స్ రూల్స్‌కి సరిపోవు అని తేల్చింది.

అప్పటికే ఆ ఐరన్స్ కొనుక్కున్న మామూలు జనం ఎంతోమంది ఉన్నారు. వాళ్ళందరి చేతిలో ఉన్నది దొంగ కర్ర అయిపోతుంది. 1989లో సోల్‌హైమ్ 10 కోట్ల డాలర్లకి దావా వేశారు. 1990 జనవరిలో రాజీ కుదిరింది. పింగ్ ఇకమీదట గీతల దూరం మారుస్తుంది, 1990 ఏప్రిల్ 1కి ముందు తయారైనవి మాత్రం ఎప్పటికీ చెల్లుతాయి. పాత వెర్షన్ కూడా సపోర్ట్ అవుతుంది అన్నట్టు.

ప్రొఫెషనల్ టోర్నమెంట్లు నడిపే పీజీఏ టూర్ ఇంకో అడుగు ముందుకేసి యు గీతలన్నీ నిషేధించాలని చూసింది. నైపుణ్యం లేకపోయినా గడ్డిలోంచి స్పిన్ వస్తోంది, ఇది ఆటని పాడుచేస్తోంది అని వాళ్ళ వాదన. ఆ కేసు కూడా కోర్టుకి వెళ్ళింది. కోర్టు నిషేధాన్ని తాత్కాలికంగా ఆపింది. 1993లో రాజీ అయి, టూర్ నిషేధాన్ని వదిలేసింది.

ఈ గొడవలో పూర్తిగా ఎవరిది తప్పు అని చెప్పడం నా వల్ల కాదు. రూల్‌లో గుండ్రటి అంచుని ఎట్లా కొలవాలో ముందే స్పష్టంగా ఉంటే ఇంత దూరం వచ్చేది కాదనిపిస్తుంది. రూల్ రాసేవాళ్ళకి ఆటని కాపాడాలని, సోల్‌హైమ్‌కి తనని నమ్మి కొన్నవాళ్ళని కాపాడాలని. అయితే 78 ఏళ్ళ వయసులో, అంగుళంలో కొన్ని వేలవ వంతుల కోసం రెండు పెద్ద సంస్థలతో ఒకేసారి కొట్లాడాలంటే మొండితనం ఉండాలి. ఆ మొండితనానికి కంపెనీ కోట్ల డాలర్లు, కుటుంబం ఎన్నో ఏళ్ళు ఖర్చు పెట్టాయి.

చివరి రోజులు

ఆ కేసులు నడుస్తున్న 1990లోనే అమెరికా, యూరప్ మహిళా ఆటగాళ్ళ మధ్య ఒక పోటీ మొదలైంది. మగవాళ్ళకి రైడర్ కప్ ఎప్పటినుంచో ఉంది, ఆడవాళ్ళకి అలాంటిది లేదు. సోల్‌హైమ్ కుటుంబం ముందుకొచ్చింది. దాని పేరు సోల్‌హైమ్ కప్, ఇప్పటికీ జరుగుతోంది. గోల్ఫ్ క్లబ్ కంపెనీ ఓనర్ పేరు మీద కప్పు ఉందని అనుకుంటాం కానీ, ఆ పేరులో లూయీస్ కూడా ఉంది. ఎనిమిదేళ్ళ గ్యారేజీ లెక్కలు రాసింది ఆమే, ఆన్సర్‌కి పేరు పెట్టిందీ ఆమే.

1995లో కంపెనీ బాధ్యత చిన్న కొడుకు జాన్‌కి ఇచ్చారు. అప్పటికే పార్కిన్సన్స్ జబ్బు. ఒకప్పుడు చేతి వణుకుని కూడా లెక్కలో పెట్టుకుని కర్ర తయారు చేసిన మనిషికి చివర్లో తన చేతులే మాట వినకుండా పోయాయి. 2000 ఫిబ్రవరి 16న ఫీనిక్స్‌లో చనిపోయారు. 2001లో వరల్డ్ గోల్ఫ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చారు.

కథకి ఇంకో చిన్న ముక్క ఉంది. 2010లో గోల్ఫ్ రూల్స్ మళ్ళీ మారాయి, గీతలు ఇంకా తగ్గాలన్నారు. కానీ 1990 రాజీ ఇంకా అమల్లోనే ఉంది కదా. ఫిల్ మికెల్సన్ లాంటి కొందరు ఆటగాళ్ళు 20 ఏళ్ళ కిందటి పింగ్ ఐ2 వెడ్జ్‌లని మళ్ళీ బయటికి తీశారు. రూల్ ప్రకారం తప్పు లేదు, అయినా పెద్ద రచ్చ అయింది. అప్పుడు జాన్ సోల్‌హైమ్ టూర్ విషయంలో తమ హక్కుని తామే వదులుకున్నారు. ప్రొఫెషనల్ టూర్‌లో ఆ పాత వెడ్జ్‌లు ఆగిపోయాయి. తండ్రి కోర్టులో గెలుచుకున్నది మామూలు ఆటగాడి కోసం. టూర్ ఆటగాడు దాన్ని అవకాశంగా వాడుకున్నప్పుడు కొడుకు వదిలేశాడు. ఇది కూడా నాకు ఒక రకమైన న్యాయంగానే కనిపించింది.

ఎప్పుడైనా ఫోన్‌లో గోల్ఫ్ వీడియో వస్తే, బాల్ వైపు కాకుండా ఐరన్ వెనక భాగం వైపు చూడండి. గిన్నెలా తోడేసి ఉంటే, ఏ కంపెనీ పేరు ఉన్నా సరే, ఆ ఆలోచన దాదాపు ఫీనిక్స్ గ్యారేజీ దాకా వెళ్తుంది. తర్వాత మీ ప్రాజెక్ట్ ఓపెన్ చేసి, వయసు అడిగే బాక్స్‌లో అక్షరాలు టైప్ చేసి చూడండి, ఏమవుతుందో.